ర్యాట్ ‘రౌండ్ అండ్ రౌండ్’: నిలిచింది పాటా, వీడియోనా?

పాతకేసెట్టు
రెండు వారాలుగా 1984 నాటి అమెరికన్ గ్లామ్ మెటల్ (మేకప్, మెరుపు బట్టలతో వాయించే హెవీ రాక్) పాటలను ఒక్కొక్కటిగా తీసి వింటున్నాను. ర్యాట్ బృందం పాడిన ‘రౌండ్ అండ్ రౌండ్’ దగ్గర నాకొక చిక్కు వచ్చిపడింది. ఈ పాటను మెచ్చుకొనేవారు ఎవరిని కదిపినా మొదటి మాట పాట గురించి చెప్పి, రెండో మాటకే వీడియోలోకి జారిపోతున్నారు. పెద్దింటి విందు, బట్లర్ మూత తీయగానే పళ్ళెంలో కనిపించే ఎలుకలు, ఆడవేషంలో ముసలి హాస్యనటుడు మిల్టన్ బెర్ల్, పైకప్పు చీల్చుకొని బల్ల మీద పడే గిటారిస్టు, ఇవే అందరి నోటా వినిపిస్తున్నాయి. నిన్న రాత్రి దీపం ఆర్పేసి, తెర వైపు చూడకుండా నాలుగుసార్లు విన్నాను. నా చెవికి అది చక్కగా కుదిరిన మామూలు రాక్ పాటగానే వినిపించింది. వీడియో లేకపోతే ఇది అమెరికాలో 12వ స్థానం దాకా వెళ్ళి ఉండేదా అన్నది నా సందేహం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు మనమంతా నలభై ఏళ్ళుగా ఈ పాటను తవ్వుతున్నామేమో అనిపిస్తోంది.

అటకమీదపిల్లి
ఆ బృందం పేరే ఎలుక. తవ్వితే ఎలుక దొరకడం న్యాయమే కదా.

లెక్కలోడు
ముందుగా అంకెలు సరిచూసుకొందాం. ఈ పాట అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 12వ స్థానం దాకా వెళ్ళిన మాట నిజమే. అయితే పాటతో పాటు ఆల్బమ్ కూడా ఎక్కిందన్న సంగతి మరచిపోకూడదు. 1984 మార్చిలో అట్లాంటిక్ సంస్థ విడుదల చేసిన ‘అవుట్ ఆఫ్ ది సెల్లార్’ ఆల్బమ్ పట్టికలో 7వ స్థానానికి చేరింది, ఆ దేశంలో ముప్పై లక్షల ప్రతులకు గుర్తింపు పొందింది. ఒక వీడియోలోని హాస్యం చూసి జనం ఒక్క పాట కొన్నారంటే నమ్మవచ్చు. పది పాటలున్న మొత్తం ఆల్బమ్‌ను అన్ని లక్షలమంది కేవలం ఎలుకల కోసం కొన్నారంటే నేను నమ్మను.

పాతకేసెట్టు
లెక్కలోడు గారూ, ఆ ఆల్బమ్‌ను దుకాణం దాకా వెళ్ళి కొనేలా చేసింది ఏది అన్నదే కదా నా ప్రశ్న. మీ అంకెలు నా వాదానికే బలం ఇస్తున్నాయి.

తీగలమాస్టారు
సికింద్రాబాదులో ఇరవై ఏళ్ళకు పైగా గిటార్ నేర్పుతున్నవాణ్ణి కాబట్టి ‘మామూలు పాట’ అన్న మాట దగ్గర నేను ఆగవలసి వచ్చింది. ఈ పాటను నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి రోజు రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ వరుస) వాయించేసి, ఇంతేనా అంటారు. రెండో వారంలో చరణం దగ్గర అరచేతితో తీగలను అదిమి వాయించే భాగంలో లయ జారిపోతుంది. మూడో వారంలో సోలో, అంటే పాట ఆగి గిటారే ముందుకు వచ్చే భాగం, దగ్గరకు వచ్చేసరికి నోరు మెదపరు.

ఆ సోలో గురించి ఒక్క విషయం చెప్పాలి. ర్యాట్‌లో ఇద్దరు గిటారిస్టులు ఉన్నారు, వారెన్ డిమార్టీని, రాబిన్ క్రాస్బీ. ఇద్దరూ సోలోలు వాయించగలవారే. ఈ పాటలో డిమార్టీని ఒంటరిగా మొదలుపెట్టి పరుగెడతాడు, తర్వాత రెండో గిటార్ వచ్చి కలుస్తుంది, ఇద్దరూ ఒకే వరుసను రెండు వేర్వేరు స్థాయుల్లో జంటగా వాయించి ముగిస్తారు. మన కచేరీలో ఇద్దరు గాయకులు చివరి ఆవర్తంలో ఒకరినొకరు అందుకొనేటట్టు ఉంటుంది ఆ చోటు. పాట రికార్డు అయ్యేనాటికి డిమార్టీనికి ఇరవై ఏళ్ళు. అంతకు ముందు ఆ స్థానంలో వాయించిన జేక్ ఇ. లీ తాను వెళ్ళిపోతూ ఇతని పేరు సూచించాడని ఆ బృందం చరిత్ర తెలిసినవారు చెబుతారు. ఈ పిల్లవాడు కూడా క్రాస్బీ, గాయకుడు స్టీఫెన్ పియర్సీలతో కలిసి ఈ పాట రాసినవారిలో ఒకడు. చీకట్లో నాలుగుసార్లు విన్నానన్నారు, ఆ జంట వరుస మీ చెవిన పడలేదా?

బేస్‌గాడు
మాస్టారూ, గిటార్ వాళ్ళు ఎప్పుడూ గిటార్ గురించే మాట్లాడతారు. బృందంలో బేస్ గిటార్ వాయించే వాన్ క్రూసియే గీతను, కోరస్‌లో (పల్లవిలో) అతను కలిపే గొంతును తీసేసి ఒకసారి ఊహించుకోండి. పియర్సీ గొంతు గరుకుది, పరిధి చిన్నది. కోరస్ అంతగా చెవికి పట్టుకుందంటే అందుకు కారణం వెనక ఉన్న గొంతులే.

తీగలమాస్టారు
ఒప్పుకొంటున్నాను. నిర్మాత బో హిల్ పనితనం కూడా అక్కడే కనిపిస్తుంది. పదును తగ్గకుండానే రేడియోకు సరిపడే నునుపు తెచ్చాడు.

కొత్తశ్రోత
నాకు పంతొమ్మిదేళ్ళు. ఈ పాట నాకు 2020లో వచ్చిన ఒక బీమా ప్రకటన ద్వారా తెలిసింది. ఇల్లు కొనుక్కొన్న దంపతులు ‘ఇల్లు బాగానే ఉంది కానీ ర్యాట్ సమస్య ఉంది’ అన్న అర్థంలో వాపోతుంటే, ఇంట్లో ఈ బృందమే నిలబడి ఈ పాట వాయిస్తూ ఉంటుంది. అప్పటికి నేను అసలు వీడియో చూడలేదు. అయినా పాట పట్టుకుంది, వెతుక్కొని విన్నాను. కాబట్టి పాతకేసెట్టు గారి సందేహానికి నేనే ఒక జవాబు.

పాతకేసెట్టు
ఆ ప్రకటన కూడా వీడియోయే కదమ్మా! ఎలుకల హాస్యమే మళ్ళీ వచ్చింది.

అటకమీదపిల్లి
ముప్పై ఆరేళ్ళ తర్వాత కూడా ఆ ఎలుకలు ఇల్లు ఖాళీ చేయలేదన్నమాట. నేను పిల్లినై ఉండి కూడా ఏమీ చేయలేకపోయాను.

న్యూజెర్సీ_నాన్న
ఇక్కడివారిలో ఆ పాటను అది వచ్చిన రోజుల్లోనే విన్నవాణ్ణి నేనొక్కణ్ణే కావచ్చు. 1983లో పై చదువుకోసం అమెరికా వచ్చాను. మా అపార్ట్‌మెంటులో నలుగురం తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం, కేబుల్ కనెక్షన్ ఒకటే. ఎమ్‌టీవీ అనే పాటల చానెల్ 1981 ఆగస్టులో మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ పాటలు చూపిస్తామన్నారు గానీ తొలినాళ్ళలో వాళ్ళ దగ్గర అన్ని పాటలకు బొమ్మలే లేవు, అందుకే బ్రిటిష్ బృందాలు ఎక్కువగా కనబడేవి. 1983 నవంబరులో క్వయట్ రయట్ అనే లాస్ ఏంజెలెస్ మెటల్ బృందం ఆల్బమ్ అమెరికా పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళాక లాస్ ఏంజెలెస్ బృందాలన్నింటికీ తలుపులు తెరుచుకున్నాయి. ర్యాట్ ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళే.

మా గదిలో ఒక పెద్దమనిషి ఉండేవాడు, కర్ణాటక సంగీతం తప్ప మరొకటి సంగీతం కాదనేవాడు. ఈ వీడియో వచ్చినప్పుడు మాత్రం పుస్తకం పక్కన పెట్టి చూసేవాడు. ‘పాట నాకక్కరలేదు, ఆ ముసలాయన కోసం చూస్తున్నాను’ అనేవాడు. అది మొదటి నెల సంగతి. రెండో నెలలో వంటగదిలో గిన్నెలు తోముతూ కోరస్ వరుస కూనిరాగం తీస్తుంటే మేం ముగ్గురం పట్టుకొన్నాం. దీన్నిబట్టి ఎవరి వాదం గెలిచిందో మీరే తేల్చుకోండి.

పాతకేసెట్టు
గిన్నెల సాక్ష్యం గట్టిదే. కానీ ఆ ముసలాయన లేకపోతే ఆయన పుస్తకం పక్కన పెట్టేవాడే కాదు కదా.

కొత్తశ్రోత
అసలు ఆ ముసలాయన ఎవరో నాకు తెలియదు. అంత పేరున్నవాడా?

న్యూజెర్సీ_నాన్న
మిల్టన్ బెర్ల్. అమెరికన్ టెలివిజన్ తొలి మహానటుడంటే ఆయనే. 1948లో ఎన్‌బీసీలో మంగళవారం రాత్రుళ్ళు టెక్సకో స్టార్ థియేటర్ అనే వినోద కార్యక్రమం మొదలైంది. దాంతో ఆయనకు ‘మిస్టర్ టెలివిజన్’ అన్న బిరుదు, ‘అంకుల్ మిల్టీ’ అన్న ముద్దుపేరు వచ్చాయి. ఆడవేషం వేసి నవ్వించడం అప్పటినుంచే ఆయన సొత్తు. ర్యాట్ వీడియో తీసేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. ఎమ్‌టీవీ చూసే పిల్లలకు ఆయన తాతల కాలం మనిషి, వాళ్ళ తల్లిదండ్రులకు మాత్రం తమ చిన్ననాటి మంగళవారం రాత్రి. ఆ వీడియోలో ఆయన విందు బల్ల దగ్గర మగవాడుగానూ తానే కూర్చుంటాడు, ఆడమనిషిగానూ తానే కూర్చుంటాడు.

లెక్కలోడు
అంత పెద్ద నటుడు ఒక కొత్త బృందం వీడియోలోకి ఎలా వచ్చాడని ఆశ్చర్యపడేవారికి చిన్న వివరం. ర్యాట్ మేనేజర్ మార్షల్ బెర్ల్ ఆయనకు స్వయానా అన్న కొడుకు వరస. అంతకు ముందు 1978 ప్రాంతంలో వాన్ హేలెన్ బృందానికి కూడా అతనే మేనేజరు. ర్యాట్ 1983లో తెచ్చిన తొలి ఆరు పాటల ఈపీ (చిన్న ఆల్బమ్) కూడా ఈ మార్షల్ బెర్ల్ సొంత లేబుల్, టైమ్ కోస్ట్, మీదనే వచ్చింది.

అటకమీదపిల్లి
బంధువు కాబట్టి బాబాయిని బతిమాలి చీర కట్టించాడు. ఈ పద్ధతి మన పరిశ్రమకు కొత్తదేమీ కాదు.

బేస్‌గాడు
చీర కాదు, గౌను. వాస్తవాలు సరిగ్గా రాయండి.

సురభి_అభిమాని
ఆడవేషం ప్రసక్తి వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట కలుపుతాను. స్థానం నరసింహారావు గారి సత్యభామను మా తాతగారు రంగస్థలం మీద చూశారు. ఆయన ఆడవాళ్ళను వెక్కిరించేవారు కాదని, ఆ నడకలో ఒక స్త్రీ తప్ప నటుడు కనబడడని మా తాతగారు చెప్పేవారు. మిల్టన్ బెర్ల్ ఆడవేషం అందుకు పూర్తిగా తలకిందులు. గౌను కింద మగవాడున్నాడని ప్రేక్షకుడు క్షణం కూడా మరచిపోకూడదు, మరచిపోతే నవ్వు రాదు.

ఇప్పుడు అదే వీడియోలో అటక మీద వాయిస్తున్న ర్యాట్ బృందంలోని అయిదుగురిని చూడండి. వాళ్ళకూ పొడుగు జుట్టు ఉంది, కళ్ళకు కాటుక ఉంది, బిగుతైన మెరుపు బట్టలున్నాయి. వాళ్ళ అలంకారం వెక్కిరింత కాదు, ఆడవేషమూ కాదు, దాన్ని వాళ్ళు మగతనపు దర్పంగానే ధరించారు. మగవాళ్ళ మూడు రకాల మేకప్‌లలో రెండు రకాలు ఒకే ఇంట్లో, ఒకటి కింది గదిలో, ఒకటి అటక మీద ఉన్నాయి. గ్లామ్ మెటల్ వాళ్ళను చూసి ‘ఇదేం వేషం’ అని ఈసడించుకొన్న తల్లిదండ్రులే తమ చిన్నప్పుడు బెర్ల్ గౌను చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. దర్శకుడు ఇది అనుకొని చేశాడో లేదో గానీ బొమ్మలో మాత్రం ఉంది.

తీగలమాస్టారు
ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. మంచి మాట చెప్పారు.

న్యూజెర్సీ_నాన్న
దీనికి తోక లాంటి సంగతి ఒకటుంది. 1993 ఎమ్‌టీవీ అవార్డుల వేదిక మీద బెర్ల్‌ను, ఆడవేషానికి పేరుపొందిన రూపాల్‌ను జంటగా నిలబెట్టారు. ఇద్దరూ రాసిచ్చిన సంభాషణ వదిలేసి ఒకరినొకరు గట్టిగానే పొడుచుకొన్నారు. సురభి_అభిమాని గారు చెప్పిన మూడు రకాల మధ్య సఖ్యత ఎంతో ఆ రోజు తెలిసింది.

బేస్‌గాడు
దర్శకుడి మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆయన డాన్ లెట్స్, లండన్ నల్లజాతీయుడు. 1977లో అక్కడి రాక్సీ క్లబ్బులో పంక్ రాక్ పిల్లలకు జమైకా రెగే సంగీతం రికార్డులు వినిపించిన మనిషి. క్లాష్ అనే పంక్ బృందానికి ‘రాక్ ద కాస్బా’ వీడియో తీసింది ఆయనే, అందులోనూ ఒక ఆర్మడిల్లో (ఒంటి మీద పెంకు ఉండే జంతువు) తుర్రుమని పరుగెడుతుంది. మెటల్‌తో ఏ సంబంధమూ లేనివాడు మెటల్ వీడియో తీశాడు కాబట్టే పొగ, నిప్పురవ్వలు, కత్తులు లేకుండా ఒక విందు దొరికిందని నా అభిప్రాయం.

అటకమీదపిల్లి
ఆర్మడిల్లో అయిపోయింది, ఎలుకలు అయిపోయాయి. ఆ దర్శకుడు పిల్లిని మాత్రం పెట్టుకోలేదు. గమనించాను.

పాతకేసెట్టు
చూశారా, మీరందరూ నా బుట్టలోనే పడ్డారు! అరపూట గడిచేసరికి బెర్ల్, లెట్స్, గౌను, ఆర్మడిల్లో మిగిలారు. మాస్టారు చెప్పిన జంట వరుస గురించి ఆ తర్వాత ఒక్కరూ మాట్లాడలేదు.

తీగలమాస్టారు
అయితే నేనే మాట్లాడతాను. ఇంతసేపూ పాటను ఒక పళ్ళెంలో, వీడియోను మరొక పళ్ళెంలో పెట్టి తూచడమే పొరపాటని నాకిప్పుడు అనిపిస్తోంది. వీడియోను శబ్దం ఆపేసి చూడండి. చరణం నడుస్తున్నంతసేపూ కింద విందు సాగుతూ ఉంటుంది, పైనుంచి దుమ్ము రాలుతూ ఉంటుంది, అటక మీద బృందం వాయిస్తూ ఉంటుంది. రెండు అంతస్తులు వేరువేరుగా నడుస్తాయి. విందులో కూర్చున్న అమ్మాయి ఒక్కతే మెట్లెక్కి పైకి వెళుతుంది, వేషం మార్చుకొని అటు పక్షం చేరుతుంది. పాట సగం దాటాక సోలో రావలసిన చోట డిమార్టీని పైకప్పు చీల్చుకొని తిన్నగా భోజనాల బల్ల మీద పడతాడు, అక్కడే నిలబడి సోలో వాయిస్తాడు.

పాట నిర్మాణంలో సోలో చేసే పని ఏమిటి? అప్పటిదాకా అదిమిపెట్టిన తీగలు ఒక్కసారిగా విడుదల కావడం. చరణంలో అరచేయి ఎందుకు తీగలను అదుముతుందో, వీడియోలో ఆ పైకప్పు కూడా అందుకే ఉంది. పాటలో అదుపు తెగిన చోటే ఇంటి కప్పు తెగుతుంది. సోలో బలహీనంగా ఉండి ఉంటే ఆ కుర్రాడు బల్ల మీద పడడం ఉత్త కోతిచేష్టగా మిగిలేది. పడ్డాక వాయించవలసింది వాయించాడు కాబట్టే మనం నవ్వి, ఆ వెంటనే నోరు తెరుచుకొని చూస్తాం.

న్యూజెర్సీ_నాన్న
మాస్టారూ, ఈ మాట మా గది పెద్దమనిషికి చెప్పాలి. ఆయన ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాడు, ఇప్పటికీ ఒప్పుకోడు.

సురభి_అభిమాని
సురభి నాటకాల్లో మాయ జరిగే క్షణానికి హార్మోనియం వాయించేవాడు ముందే సిద్ధమై ఉంటాడు. వాద్యం ఒక్క మాత్ర ఆలస్యమైతే ఎంత మంచి మాయైనా తాళ్ళు కనబడిపోతాయి. మాస్టారు చెప్పింది అదే.

లెక్కలోడు
పోలికకు మరొక వీడియో చూడండి. అదే ఏడాది ట్విస్టెడ్ సిస్టర్ బృందం ‘వియ్ ఆర్ నాట్ గొన్నా టేక్ ఇట్’ వచ్చింది. అదీ ఇంట్లో జరిగే హాస్యమే, అదీ పెద్దలకూ పిల్లలకూ మధ్య గొడవే. అక్కడ తండ్రి శత్రువు, గోడలకూ కిటికీలకూ అతన్ని విసిరికొడతారు. ఆ పాట హాట్ 100లో 21 దగ్గర ఆగింది. పైగా 1985లో వాషింగ్టన్ ప్రముఖుల భార్యలు మొదలుపెట్టిన పీఎమ్‌ఆర్‌సీ అనే సంఘం అభ్యంతరకరమైన పాటలంటూ వేసిన పదిహేను పాటల పట్టికలో దానికి చోటు దక్కింది, ఆ బృందం గాయకుడు డీ స్నైడర్ వాషింగ్టన్ వెళ్ళి సెనేట్ కమిటీ ముందు వాంగ్మూలం ఇచ్చాడు. ఆ పదిహేనింటిలో ర్యాట్ పాట ఒక్కటి కూడా లేదు. పెద్దల తరఫు మనిషి తానే గౌను వేసుకొని విందులో కూర్చున్నప్పుడు ఆ పాట మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

పాతకేసెట్టు
ఇది కొత్త కోణం. కానీ 12కూ 21కీ మధ్య తేడాకు బెర్ల్ గౌనే కారణమంటే మళ్ళీ నా వాదమే అవుతుంది.

లెక్కలోడు
నేను 12కు కారణం చెప్పలేదు, ఫిర్యాదు రాకపోవడానికి కారణం చెప్పాను. రెండింటినీ కలపకండి.

కేబుల్_కుర్రాడు
ఆలస్యంగా చేరుతున్నాను. మా హైదరాబాదు అనుభవం వేరు. 1984లో మాకు దూరదర్శన్ తప్ప మరొకటి లేదు. 1991 తర్వాత స్టార్ టీవీ డిష్ వచ్చి, మా వీధి కేబుల్ అతను నెలకు ఇంత అని తీసుకొని ఎమ్‌టీవీ ఇచ్చాడు. అప్పటికే సియాటిల్ రాక్ బృందం నిర్వాణ వచ్చేసింది, అమెరికాలో ఈ జుట్టు బృందాల కథ ముగింపుకు వచ్చింది. ఆ సంగతి మాకు తెలియదు. పొద్దున ఒక పాత గ్లామ్ వీడియో, మధ్యాహ్నం చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోని సియాటిల్ కుర్రాళ్ళు కనబడేవారు. పెళ్ళి భోజనమూ పన్నెండో రోజు భోజనమూ ఒకే పూట వడ్డించినట్టుగా ఉండేది. మా స్నేహితుడొకడు రెండింటినీ కలిపి వేసుకొని కాలేజీ ఉత్సవానికి వచ్చాడు, పైన గీతల చొక్కా, కళ్ళకు కాటుక. ప్రిన్సిపాల్ గారు అతన్ని యక్షగానం బృందంలో కూర్చోబెట్టారు.

ఈ పాటను మాత్రం నేను మొదట వీడియో లేకుండానే విన్నాను, కోఠిలో ఒక దుకాణంవాడు ఎక్కించి ఇచ్చిన కేసెట్‌లో. పెట్టె మీద బృందం పేరు తప్పుగా రాశాడు, రెండో ‘టి’ లేదు. ఏడాది తర్వాత వీడియో చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. నేను మనసులో కట్టుకొన్న బొమ్మ వేరు, రాత్రి వీధి, పసుపు దీపాలు. అక్కడేమో సూపు గిన్నెలు.

బేస్‌గాడు
ఆ రెండో ‘టి’కి ఒక కథ ఉంది. మొదట వీళ్ళ పేరు మిక్కీ ర్యాట్, శాన్ డియెగో రోజుల పేరు. లాస్ ఏంజెలెస్ వచ్చాక మిక్కీ పోయి ర్యాట్ మిగిలింది, రెండు ‘టి’లూ అలాగే ఉండిపోయాయి.

కొత్తశ్రోత
కేబుల్_కుర్రాడు గారి మాట చదివాక ఒక ప్రయోగం చేశాను. మా అమ్మకు వీడియో చూపకుండా పాట వినిపించాను. ‘చివర్లో రెండు గిటార్లు జంటగా వస్తాయే, అది మళ్ళీ పెట్టు’ అంది. మా అమ్మకు ర్యాట్ తెలియదు, బెర్ల్ తెలియదు, ఈ చర్చ కూడా తెలియదు.

తీగలమాస్టారు
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఫీజు లేకుండా నేర్పుతాను.

న్యూజెర్సీ_నాన్న
ఆ జంటలో రెండో గిటార్ రాబిన్ క్రాస్బీది. ఆరున్నర అడుగుల మనిషి, ‘కింగ్’ అని పిలిచేవారు. ఆ ఆల్బమ్ అట్ట మీద నేలపై పాకుతున్న అమ్మాయి టానీ కిటేన్ ఆ రోజుల్లో అతని స్నేహితురాలే. తర్వాత అతను మత్తుమందులకు చిక్కుకొన్నాడు, తనకు హెచ్‌ఐవీ ఉందని 2001లో బహిరంగంగా చెప్పాడు. 2002 జూన్ 6న, నలభై రెండేళ్ళకే పోయాడు. అదే ఏడాది మార్చి 27న తొంభై మూడేళ్ళ మిల్టన్ బెర్ల్ పోయారు. అటక మీదివాడూ కింది గదిలోని ఆయనా పదివారాల తేడాతో వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఆ వీడియో చూస్తే నాకు నవ్వు కొంచెం ఆలస్యంగా వస్తుంది.

పాతకేసెట్టు
ఈ తేదీలు నాకు తెలియవు.

ఇప్పుడే మాస్టారు చెప్పినట్టు ఒకసారి శబ్దం ఆపేసి చూశాను, ఒకసారి బొమ్మ మూసేసి విన్నాను, మూడోసారి రెండూ కలిపి చూశాను. సోలో విషయంలో నేను దిగివస్తున్నాను, ఆ జంట వరుసను మొదటి రాత్రి నిజంగానే వదిలేశాను. అయితే చరణాల దగ్గర నా అభిప్రాయం మారలేదు. అవి సాధారణమైనవే, అక్కడ ఎలుకలే కాపాడాయి.

బేస్‌గాడు
చరణాల్లో బేస్ వినండి.

పాతకేసెట్టు
అయిదోసారా?

అటకమీదపిల్లి
వినండి. ఈలోగా పళ్ళెం మూత నేను చూసుకొంటాను.